పోతవా, ఉంటవా

నా చిన్నప్పుడు మా ఉప్పల్ బడిలో హాజరుపట్టీ చూసినవాళ్ళు నన్ను చుట్టపుచూపుగా వచ్చిపోయే పిల్లగాడనుకునేవాళ్ళు. ఏడో తరగతి దాకా బడిని నేను భరించిన. ఆ తర్వాత బడి నన్ను భరించలేకపోయింది. అట్లాంటి నన్ను ఒక ఆదివారం మా పక్కింటి అక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఏకంగా ప్రైవేటు బడి యజమానిని చేసింది.

సంగతేందంటే, అక్కకు బి.ఇడి. ఉన్నది, ఓపిక ఉన్నది, కొలువే లేదు. బావ పనిచేసే నాచారం కంపెనీకి తాళం పడి మూడు నెలలు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె సర్కారు టీచరు పరీక్షకు చదువుతున్నదని మా వాడకట్టు మొత్తానికి తెలుసు. ఆ పరీక్ష ఎప్పుడు పెడతరో మాత్రం సర్కారుకే తెల్వదు. అందుకని ప్రైవేటు బడుల చుట్టూ తిరగబట్టింది. ఎక్కడికి పోయినా చివరికి వచ్చేది ఒకటే ప్రశ్న: సర్కారు నౌకరి వస్తే మమ్మల్ని విడిచి పోతవా? మొదటి బడిలో పోతనని చెప్పింది. వాళ్ళు చాయ్ తాగిచ్చి పంపిన్రు. రెండో బడిలో పోనని చెప్పింది. అట్లయితే నీ అసలు సర్టిఫికెట్లు మా బీరువాలో పెట్టుమన్నరు. అవి చేతిలో లేకుంటే రేపు సర్కారు కొలువు వచ్చినా చేరరాదు. లేచి వచ్చేసింది. ఇక మిగిలింది నాచారంలో ఒక్క బడి. సోమవారం పొద్దున రమ్మన్నరు.

నేను ఎవరి గొంతయినా అచ్చు దించేటోణ్ణి గనుక, ఆ బడి సార్ లెక్క తనను ప్రశ్నలడగమన్నది. మా నాయిన కళ్ళద్దాలు పెట్టుకొని, లేని పొట్టను సవరించుకొని, అదే ప్రశ్న అడిగిన. అక్క చేతులు కట్టుకొని, ఎన్నటికీ పోను సార్, ఇక్కడనే ఉంట అన్నది. నేను కుర్చీలోంచి కింద పడేటట్టు నవ్విన. అబద్ధాలాడుడు నాకు రోజూ ఉండే పనే, అందుకే ఎదుటోళ్ళ అబద్ధం నాకు తొందరగ దొరుకుతది.

"మరి ఏం చెప్పాలెరా? నిజం చెప్తే పొమ్మంటున్నరు, అబద్ధం చెప్తే కట్టేస్తున్నరు" అన్నది అక్క. ఆమె కండ్లల్లో నీళ్ళు తిరిగినయి.

పెద్దవాళ్ళు ఏడిస్తే నాకు కాళ్ళు చేతులు ఆడవు. ఏదో ఒకటి వాగి నవ్విద్దామని మా లెక్కల సార్ ముచ్చట ఎత్తుకున్న. కిందటేడు ఆయన దసరా సెలవులకు పోయి మళ్ళ రాలే. ఇంకెక్కడో నౌకరి దొరికింది. మాకు పరీక్షల దాకా లెక్కలే లేవు, మేమంతా మస్తు ఖుష్. మా హెడ్మాస్టర్ మాత్రం రోజూ పొద్దున గేటు కాడ నిలబడి, బస్సు దిగేటోళ్ళను ఒక్కొక్కరినీ చూస్తుండె. ఆయన మెడ చాపి చూసే తీరు కూడా దించి చూపిన.

అక్క నవ్వలే. ఆ గేటు ముచ్చట ఇంకోసారి చెప్పించుకొని, మెల్లగ అన్నది. "వాళ్ళు నా మీద ప్రేమతోని అడుగుతలేరురా, భయంతోని అడుగుతున్నరు. నేను ప్రశ్నకు జవాబు చెప్పుకుంట వచ్చిన. భయానికి చెప్పలే."

నాకు ముక్క అర్థం కాలే. అర్థమైనట్టు తల మాత్రం ఊపిన.

మర్నాడు మా బడి ఎగ్గొట్టి ఆమెతోపాటు బస్సెక్కిన. నాచారం బడిలో ఆఫీసు గది కిటికీ పక్కన నన్ను నిలబెట్టి ఆమె లోపలికి పోయింది. వయసు మళ్ళిన సార్ ఏదేదో అడిగి, చివరికి ఆ ప్రశ్న కాడికే వచ్చిండు. అక్క తొందరపడలే.

"వస్తే పోత సార్. కాని చెప్పి పోత. నా జాగల వచ్చేటామెకు ఏ పిల్లగాడు ఏ పాఠం కాడ తట్టుకొని పడుతున్నడో రాసిచ్చి, వారం రోజులు ఆమె పక్కన కూసోని మరీ పోత."

సార్ ఆమె కాగితాల్లోంచి నకళ్ళు తీసుకొని, అసలువి తిరిగి ఆమె చేతికే ఇచ్చిండు. "ఆ కుర్చీల కూసోని ఎన్నటికీ పోమని చెప్పినోళ్ళే పోయిన్రమ్మా" అని, రేపటి నుంచి రమ్మన్నడు. వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకు తెల్వనియ్యలే.

తర్వాత నేను లేత్ మిషన్ల మీద బతికిన. పక్క కంపెనీ వాళ్ళు పిలుస్తున్నరట గదా, పోతవా అని మా సేఠ్ అడిగినా, పెండ్లయిన కొత్తలో మీ అమ్మెక్కువనా నేనెక్కువనా అని మా ఆవిడ అడిగినా, నోరు తెరిచే ముందు వీళ్ళకు దేనికి భయమైతున్నదని చూసే అలవాటు ఆ రోజు నుంచే పడ్డది. ఇప్పటికీ పోలే. మా ఆవిడ విషయంలో చూసి కూడా తప్పు జవాబే చెప్పిన, అది వేరే ముచ్చట.

ఈ మధ్య ఉప్పల్ మెట్రో మెట్ల కాడ అక్క కలిసింది. జుట్టంతా తెల్లబడ్డది. సర్కారు కొలువు ఆమెకు ఎన్నడూ రాలే, అదే నాచారం బడిలో రిటైరయింది. నేను ఊరుకుంటనా? రాని నౌకరి కోసం అంత నిజం దండుగ చేసినవు గదా అక్కా, పోనంటే అయిపోతుండె అన్న.

అక్క సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నది.

"పోనని చెప్పుంటే ఆ పరీక్ష పుస్తకం ఏండ్లకేండ్లు కొంగు కింద దాచుకొని చదవాల్సొస్తుండెరా. పోతనన్న కాబట్టి స్టాఫ్ రూమ్ల బల్ల మీద పెట్టుకొని చదివిన. అర్థం కాని కాడ ఆ సారే చెప్పేటోడు."