రొట్టెకు చుట్టాల పేర్లు

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం అరబ్బుల దేశంలో, లుసైల్‌లో స్టేడియం లేస్తున్న రోజుల్లో, అల్ ఘర్రాఫాలో ఇంజనీర్లు ఉండే విల్లాలో నేను వంటమనిషిని. అందులో ఒక జర్మనీ పెద్దాయన ఉండేవారు. చపాతీ చేతిలోకి తీసుకున్నారంటే చాలు, పక్కవాళ్ళను "మీ భాషలో రొట్టెను పాతకాలంలో ఏమనేవారు?" అని అడిగేవారు. ఇంగ్లండాయన లోఫ్ అనేవాడు, నార్వే ఆయన లైవ్ అనేవాడు. "మాది లైబ్. అన్నీ ఒక తల్లి పిల్లలే" అని పెద్దాయన మురిసిపోయేవారు. రోజూ ఇదే వరస. నేను బడికి పోకపోయినా ఆ మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

ఒకరోజు మా నిజామాబాద్ సూపర్‌వైజర్ వచ్చి, "అక్కా, రేపటి సంది బయటి నుంచి కుబూస్ రొట్టెలు తెప్పిస్తం. నువ్వు ఇంటికి పోవుడే" అన్నాడు. నా కూతురి నర్సింగ్ చదువు అప్పటికి సగంలో ఉంది.

నా మొహం చూసి పెద్దాయన సంగతి అడిగి తెలుసుకున్నారు. తనకొచ్చిన హిందీలో సూపర్‌వైజర్‌తో, "ఈ ఇంటి లేడీ ఎవరు?" అన్నారు.

"బ్యాచిలర్ల విల్లా సార్, లేడీ యాడుంటది?"

"ఇంగ్లీషులో లేడీ అంటే మొదట్లో రొట్టెపిండి పిసికే ఆమె. ఆ మాట పుట్టింది లోఫ్‌లోంచే. ఈమె పోతే నేనూ ఇంకో విల్లా చూసుకుంటా."

సూపర్‌వైజర్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందక్కా, నువ్వు లేడీవంట!"

"మరి ఇన్నొద్దులు ఏమనుకున్నవ్ రా?"

మరునాడు అతనే పిండి బస్తా భుజాన వేసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏడ పెట్టాలె, మేడం?"