మట్టిమందు సారుకు పెట్టిన బువ్వ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరి మాటా తొందరగా నమ్మని మనిషి ఒక్కతే ఉండేది. మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి. ఆదివారం పాస్టరు చెప్పిన మాటకు కూడా ఇంటికొచ్చినంక నాలుగు ప్రశ్నలు వేసేది. ఆమెది అనుమానపు బుద్ధి అని ఊరంతా నవ్వేది. నేనూ నవ్విన.

మాది మంథని దిక్కు పల్లె. బాపు ఏటా మిరప వేసేటోడు. వరుసగా రెండేండ్లు నారు మడిలోనే వాడిపోయింది. పీకి చూస్తే వేర్ల నిండా బుడిపెలు. బాపు మొహంలో నెత్తురు లేకుండా తిరుగుతున్న ఆ రోజుల్లోనే మందుల దుకాణం నుంచి ఒక సారు మోటరు సైకిలు మీద వచ్చిండు. కొత్త మందట. ఆకు మీద కొట్టేది కాదు, మట్టిలో పోసేది. పోసి ప్లాస్టిక్ పర్దా కప్పితే లోపలే ఆవిరై, పురుగు, గుడ్డు, గడ్డి విత్తనం ఏదీ మిగలదట. కొన్నాళ్లకు పర్దా తీసి విత్తనం చల్లుకోవచ్చట. మనుషులకు ఏమీ కాదని నవ్వుకుంట చెప్పిండు.

బాపమ్మ గడపలో కూర్చుని అంతా విన్నది. సారు పోయినంక ఒక్కటే అడిగింది.

"మట్టిల ఉన్నయన్నీ సచ్చే మందు, మనిషిని గుర్తువట్టి ఇడిసిపెడ్తదా బిడ్డా?"

బాపుకు కోపమొచ్చింది. "నీకు అన్నిటి మీద అనుమానమే. ఈ యేడు గూడ నారు పోతే ఏం తింటం?" అన్నడు.

మందు పోసే రోజు బాపమ్మ వెంట నేనూ పొలం పోయిన. సారు గెట్టు మీద నిలబడి ఎట్ల పోయాలో చెప్తున్నడు, బాపు పోస్తున్నడు. పర్దా కప్పి అంచులకు మట్టి వేసేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. పర్దా తీసే పనికి మా పక్కింటి అక్కను మాట్లాడిండ్రు. ఆమె అప్పుడు కడుపుతో ఉన్నది. "మెల్లగ తీస్తే చాలు, ఎవరన్నా చేస్తరు" అని సారే చెప్పిండు.

నాకు కనపడని సంగతి బాపమ్మకు కనపడ్డది. పొద్దటి నుంచి గాలి ఎటు మళ్ళితే సారు అటు కాకుండా ఇంకో దిక్కు జరుగుతున్నడు. ఆమె నన్ను గాలి తగలకుండా బావి అవతలికి పొమ్మని, తుంగచాప తెచ్చి మడి అంచుకు ఆనుకుని, గాలి వచ్చి తగిలే దిక్కున పరిచింది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టి, ఇంటి అల్లుణ్ణి పిలిచినంత ప్రేమగా పిలిచింది.

"రా బిడ్డా, కూసో. పొద్దుగాల్నుంచి ఏం తినలే."

సారు రాలేదు. ఆకలి లేదన్నడు. ఇంకొంచెం బలవంతం చేస్తే, అవతల చెట్టు కింద కూర్చుందామన్నడు.

"గీడ కూసుంటే ఏమైతది? మనుషులకేం కాదంటివి గద?"

"గాలికి కండ్లు మండుతయమ్మా," అన్నడు సారు, నోరుజారి.

బాపు చేతిలో పార అట్లనే ఆగిపోయింది. సారు దగ్గరికి నడిచి, ఇంకా ఏమేం చెప్పలేదో చెప్పమన్నడు. గొంతు పెంచలేదు. సారు తల వంచుకుని ఒక్కొక్కటే చెప్పిండు. పర్దా తీసేటప్పుడు కండ్లు, ముక్కు కప్పుకోవాలట. ఊపిరికి మంచిది కాదట. పిల్లలు, కడుపుతో ఉన్నోళ్ళు ఆ దరిదాపుల్లో ఉండొద్దట. బావికి దగ్గర పోయొద్దట. మా మడి బావి పక్కనే ఉన్నది. మేము తాగేది ఆ నీళ్ళే.

"మరి ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఎవరు కొంటరన్నా?"

బాపు ఆ సాయంత్రమే పక్కింటికి పోయి అక్కను రావద్దన్నడు. పర్దా తీసే రోజు వచ్చినప్పుడు మొహానికి తడిగుడ్డ చుట్టుకుని తనే తీసిండు. అయినా కండ్లు ఎర్రబడి వాచినయి. ఆ వానాకాలమంతా దగ్గుతనే ఉన్నడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా, ఆ పర్దా అక్క తీసి ఉంటే ఏమయ్యేదో అనుకునేదాన్ని. చలికాలంలో ఆమెకు పాప పుట్టింది, ఇద్దరూ మంచిగున్నరు.

నారు మాత్రం ఆ ఏడు మస్తుగా వచ్చింది. అది కూడా చెప్పాలె. చూసినోళ్ళంతా మందు పేరు అడిగిండ్రు. బాపు ఆ మందు పేరు చెప్పి, సారు దాచిన మాటలు కూడా చెప్పేటోడు. కొందరు వెనక్కి తగ్గిండ్రు, కొందరు తెచ్చి పోసుకున్నరు. మా మడిలో వానపాము మళ్ళీ కనపడటానికి చాన ఏండ్లు పట్టింది. బాపమ్మ ఆ బావి నీళ్ళు మళ్ళీ నోట్లో పోసుకోలేదు, ఊరి చివరి బావి నుంచి మోసుకొచ్చేది. ఆ నీళ్ళలో నిజంగా ఏమన్నా కలిసిందో లేదో ఈ రోజుకూ నాకు తెల్వదు.

ఇప్పుడు మా చేనుకు నేనే పెద్దదిక్కు. నాదీ అనుమానపు బుద్ధే అని ఇంట్లో నవ్వుతరు, నవ్వనీ. కొత్త మందు డబ్బా వస్తే దాని మీది సన్న అక్షరాలన్నీ మనవరాలితో చదివించుకుంట. అంతటితో నాకు సరిపోదు. కూలికొచ్చిన ఆడోళ్ళను కూసోబెట్టి, "గీ మందు గురించి మీకేం చెప్పిండ్రు?" అని అడుగుత. "ఏం చెప్పలే అవ్వా" అన్నరంటే, ఆ రోజు డబ్బా మూత తియ్యనియ్య.