లేదంటే ఊరుకోని మా అత్త

మా మేనత్త ముందు "లేదు" అన్నారో, మీ పని అయిపోయినట్టే. మామయ్య పొరపాటున "ఉప్పు లేదే" అంటే చాలు, "వెతికారా?" అని మీదికొస్తుంది. పాపం, ఆయనిప్పుడు చప్పిడి కూరే తిని నోరు మెదపకుండా లేస్తున్నాడు.

ఈ జబ్బు ఆఫీసులో అంటుకున్నదే. మా ఖండంలో ఉన్న అడవి జంతువుల్లో పాలిచ్చేవాటన్నిటి జాబితా ఆవిడ చేతిలో ఉంటుంది. వెయ్యికి పైగా పేర్లు. నేనూ అక్కడే గుమాస్తాని. జనం ఏనుగుల గురించో సింహాల గురించో అడుగుదామని వస్తారు. అత్త వాళ్ళని కూర్చోబెట్టి గంటసేపు చుంచుల గురించి చెప్తుంది. రెండోసారి ఎవరూ రారు.

కొత్త డైరెక్టరుగారు వచ్చిన వారానికే ఓ కాగితం పట్టుకొచ్చారు. "నీటికుక్క ముప్పై ఏళ్ళుగా కనబడలేదు. పేరు కొట్టేసి సంతకం పెట్టండి."

"వెతికారా?"

"కనబడనిదాన్ని ఎక్కడని వెతుకుతామమ్మా?"

"మరి లేదని ఎలా తెలిసింది?"

ఆయన మొహం కందగడ్డయింది. అసలు సంగతేమిటంటే, ఊరి చివర చిత్తడి నేలని ఎవరూ ముట్టుకోకుండా ఉన్నది ఆ నీటికుక్క పేరు చెప్పే. పేరు కొట్టేస్తే మర్నాడే మట్టి లారీలు దిగుతాయి.

"సోమవారంలోగా సంతకం పడకపోతే జాబితా ఇంకొకరికి ఇచ్చేస్తాను" అన్నారాయన.

"పెట్టెయ్యకూడదూ, అత్తా?" అన్నాను.

"నోర్ముయ్!" అంది.

సోమవారం తొమ్మిది నోటుపుస్తకాలు తెచ్చి ఆయన బల్ల మీద దభాలున పడేసింది. పదకొండేళ్ళ ఆదివారాలు! మోకాళ్ళ డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, మహాతల్లి మోకాల్లోతు బురదలో తిరిగిందన్నమాట.

"కనబడిందా?" డైరెక్టరుగారు గబగబా పేజీలు తిప్పారు.

"లేదు."

ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

"దాన్ని వెతుకుతుంటే ముప్పై ఏడు రకాలు కనబడ్డాయి. చుంచులు, గబ్బిలాలు, అడవిపిల్లి. వాటిలో రెండు మన జాబితాకే ఎక్కలేదు. ఇంటాయన కనబడటం లేదని ఇంటిల్లిపాదినీ వీధిలో పడేస్తారా? కూర్చోండి. నేను చెప్తాను, మీరు రాయండి. ఇవన్నీ ఆ చిత్తడి నేల పేరున జాబితాకి ఎక్కాక దాని జోలికి ఎవడొస్తాడో చూస్తాను. నీటికుక్క సంగతి ఆఖర్న."

ఆయన రాస్తూనే ఉన్నారు. ముప్పై ఏడోది పూర్తయ్యేసరికి ఆఫీసు మూసే వేళయింది. "మిగతాది వచ్చే ఏడాది చూద్దాం లెండి" అని అత్త ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుంది.

మెట్లు దిగుతూ అడిగాను. "నిజంగా అది ఉందంటావా, అత్తా?"

"ఏమోరా. ఎక్కడికో వెళ్ళుంటుంది. తిరిగొచ్చేసరికి ఇల్లుండొద్దూ?"