నేల మీద పరిచిన పటం

చిన్న తరగతులకు సాంఘిక శాస్త్రం ఎలా చెప్పాలో కాబోయే టీచర్లకు నేర్పడం నా ఉద్యోగం. ఏటా టీచింగ్ ప్రాక్టీసు రోజుల్లో నమూనా పాఠం నేనే చెబుతాను. అంశం దిక్కులు. పదిహేనేళ్ళుగా అదే పాఠం, అదే పటం. శేరిలింగంపల్లి మండలాన్ని స్వయంగా గీసి లామినేషన్ చేయించుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ పాఠం మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. నిద్రపోయేవాళ్ళు ఫిర్యాదు చేయరు.

ఈ ఏడు ప్రాక్టీసు గాజు భవనాల వెనకున్న ఒక సర్కారు బడిలో, నాలుగో తరగతికి. గురువారం పాఠం మా విద్యార్థినుల్లో ఒకమ్మాయిది. ఇక్కడి ఊరి పిల్లే. నా పటం అడిగింది. ఇచ్చాను, అదీ నా తెలివి.

"ఉత్తరం ఎటుంది?" అని పిల్లల్ని అడిగింది.

పటం గోడకు వేలాడుతోంది. పిల్లలంతా పైకప్పు వైపు వేళ్ళు చూపించారు. నా పాఠంలోనూ అలాగే చూపిస్తారు. పటంలో పైన ఉత్తరమే కదా అని నేను "గుడ్" అంటాను. ఆమె అనలేదు. మేకు నుంచి పటం తీసి నేల మీద పరిచింది. కిటికీలోంచి పడుతున్న పొద్దుటి ఎండ వైపు తూర్పు వచ్చేలా తిప్పింది.

"ఇగ చెప్పుండ్రి, మీ ఇండ్లు ఎటు?"

"మా అమ్మ ఊడ్చే బిల్డింగు గిటు టీచర్!" అంటూ ఒక పిల్ల పటం మీదికే ఎక్కేసింది. నా లామినేషన్ మీద. వెనక బెంచీలో ఎవరికీ నిద్ర రాలేదు.

అసూయ అనను. కడుపులో కాస్త మంటగా ఉంది. పొద్దున ఇడ్లీలోకి కారప్పొడి వేసుకున్నాను.

ఆమె రికార్డులో నేను అభిప్రాయం రాయాలి. పాఠం బాగుంటే శనివారం నమూనా పాఠం ఆమె చేతే చెప్పిద్దామని మా కాలేజీ ప్రిన్సిపాల్ మేడమ్ ముందే అన్నారు. "మీరే చూసి తేల్చండి. మీకన్నా తెలిసినవాళ్ళెవరున్నారండీ?"

ఎర్ర పెన్నుతో రాశాను: "పటానికి దుమ్ము అంటింది. నల్లబల్ల వాడలేదు."

ఆమె చదివింది. "జర ఆగుండ్రి సార్," అని చున్నీతో పటం తుడిచి, చుట్టి నా చేతికిచ్చింది. "మంచిగుంది సార్ మీ పటం. మా ఊరు గూడ ఉంది దాంట్ల."

అది ఎత్తిపొడుపైనా బాగుండేది. కాదు.

శనివారం అదే తరగతి, నేనే టీచర్ని. వెనక బెంచీల్లో మా విద్యార్థులు, వాళ్ళలో ఆమె. పటాన్ని మేకుకు తగిలించబోయి ఆగాను. అప్పుడే తట్టినట్టు మొహం పెట్టి నేల మీద పరిచాను.

"ఉల్టా ఏసిండ్రు సార్," అంది మొన్న పటమెక్కిన పిల్ల. "పొద్దు కిటికీలకెల్లి వస్తది గద. మీరు తూర్పును తలుపు దిక్కు పెట్టిండ్రు."

పదిహేనేళ్ళు దిక్కులు చెప్పాను గానీ, పాఠం చెప్పే గదిలో తూర్పు ఎటో ఎన్నడూ చూసుకోలేదు. పిల్లలు అప్పటికే వెనక్కి తిరిగి ఆమెను చూస్తున్నారు.

"రామ్మా, నువ్వు చెప్పు," అన్నాను.

"వద్దు సార్, మీరే చెప్పుండ్రి."

"నువ్వే."

ఆమె చెప్పులు విడిచి వచ్చి పటం తిప్పింది. నేను వెళ్ళి ఆమె బెంచీలో కూర్చున్నాను. రికార్డు అక్కడే ఉంది. ఎర్ర పెన్ను తీసి దుమ్ము మాట కొట్టేశాను.

నల్లబల్ల మాట మాత్రం ఉంచాను. నిజంగానే వాడలేదు మరి.