తూకం వేసి కొన్న సైకిల్

1979 మే 27, ఆదివారం. చింతామణి.
హాజరైనవారు: నేను, నా భార్య లలితమ్మ, పన్నెండేళ్ళ మా కూతురు వసంత, మా అమ్మ, నా తమ్ముడు రంగయ్య, సైకిల్ అంగడి ఖాదర్ సాబ్, పిలవకుండానే వచ్చిన వీధి జనం, ఇరవై ఆరు కిలోల నల్ల సైకిల్ ఒకటి.

ఆనాటి డైరీ పుటలో దీని కింద రెండే వాక్యాలు ఉన్నాయి: "మధ్యాహ్నం లోపల మర్యాద మొత్తం పోయింది. వివరాలు తరువాత." ఆ 'తరువాత' రావడానికి నలభై ఏళ్ళ పైన పట్టింది. ఇప్పుడు చెబుతున్నాను, నిస్సంకోచంగా నవ్వండి. వీధి వీధంతా అప్పుడే నవ్వేసింది, మీరొక్కరే మిగిలారు.

మాది పాత్రల అంగడి. తాత కాలం నుంచి ఇత్తడి, రాగి, కంచు అమ్ముకొని బతికాం. మా ఇంట్లో పుట్టిన మగబిడ్డకు మాటల కంటే ముందు మూడు పరీక్షలు నేర్పుతారు. బిందెను చేత్తో ఎత్తి బరువు చూడాలి. గోటితో మీటి మోత వినాలి. తిరగేసి అతుకు వెతకాలి. బరువున్నది మంచి సరుకు, తేలికైనది మోసం. ఈ సిద్ధాంతం బిందెల దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ నేను పెళ్ళిచూపుల్లో కాఫీ లోటాను అరచేతిలో ఊపి చూసినవాణ్ణి. ఆ సంగతి లలితమ్మ ఈనాటికీ మరిచిపోలేదు.

ఆ ఏడు వసంత ఏడో తరగతి పాసైంది. ఆడపిల్లల హైస్కూలు ఊరికి ఆ కొసన ఉండేది. మేము ఈ కొసన. ఫలితాలు వచ్చిన రోజే మా అమ్మ తీర్పు చెప్పింది.

"అంత దూరం బిడ్డ ఎండలో నడిచి పోయి వస్తే సాయంత్రానికి మిగిలేది ఎముకలే. ఏడు చదివింది చాలు. ఇంట్లో కుట్టు మిషను ఉండాది, నేర్చుకోనీ."

"నడిచి పోనవ్వా, సైకిల్లో పోతా," అంది వసంత.

"తొక్కేది వచ్చునా నీకు?"

"నేర్చుకొంటా."

"అయితే విను. శాల తెరిచే ముందర ఆదివారం, మన గడప నుంచి అంగడి దాకా కాలు కింద పెట్టకుండా తొక్కి చూపించు. చూపిస్తే హైస్కూలు. లేకుంటే మిషను. మళ్ళీ ఏడుపులు, అలకలు ఉండకూడదు."

"సరే అవ్వా!"

మా అమ్మ మాటంటే తాలూకా కచేరి ముద్ర పడిన కాగితం. దానికి అప్పీలు లేదు. కాబట్టి వారం రోజుల్లో పిల్ల చదువు తేలాలి. అందుకు సరైన సైకిల్ ఎంచవలసిన బాధ్యత నా మీద పడింది. బాధ్యత అనగానే నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? అంగట్లో బిందెలు తూచే కొక్కెం తూకాన్ని సంచిలో వేసుకొని ఖాదర్ సాబ్ అంగడికి బయలుదేరాను. పక్కన వసంత, ఎగురుకుంటూ.

ఖాదర్ సాబ్ మంచివాడు, ఓర్పున్నవాడు. నీలం రంగు చిన్న సైకిలొకటి బయటికి తోసుకొచ్చాడు. మధ్యలో బారు లేదు. వసంత ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకు ఆనాయి. దాని మొహం చూడాలి మీరు! గంట కొట్టింది, మళ్ళీ కొట్టింది.

"ఇదే నాయనా, ఇదే!"

"ఉండు మేయ్," అన్నాను. వంగి నీలం సైకిల్ ఫ్రేమును గోటితో మీటాను. టిక్కుమంది.

ఖాదర్ సాబ్ కళ్ళు పెద్దవి చేశాడు. "ఏం చేస్తాండావప్పా?"

"మోత వింటాండా. సన్నంగా ఉండాది."

"అది బిందె కాదప్పా, సైకిలు."

"లోహం ఏదైనా లోహమే కదా సాబ్!" అని తూకం తీసి దూలానికి తగిలించాను. "దీన్ని కొంచెం ఎత్తి తగిలించు."

"సైకిల్ను తూకం వేసి అమ్మేది నేను యాడా చూడలేదప్పా. పాతసామాన్లోళ్ళు తప్ప."

వసంత సిగ్గుతో తల దించుకొని, "నీళ్ళు పోసి కారుతుందేమో అది కూడా చూడు నాయనా," అంది.

నేను పట్టించుకోలేదు. నీలం సైకిల్ పదమూడు కిలోలు తూగింది. ఎర్రదొకటి పదిహేను. ఇదేం సరుకు! నా చూపు మూలకు పోయింది. అక్కడ ఒక నల్ల సైకిల్ గోడకు ఆనుకొని ఉంది. నిజానికి గోడే దానికి ఆనుకొన్నట్టు ఉంది. పైన రెండు బార్లు, వెనక మంచమంత క్యారియర్, ముందర లాంతరు స్తంభం లాంటి ఫోర్కు. దిబ్బూరహళ్ళి పక్క నుంచి పాల క్యాన్లు, మల్బరీ ఆకు మోపులు వేసుకొని వచ్చేవాళ్ళు కొనే రకం. మీటాను. ఖంగుమంది! దేవుడి గుడి గంట కూడా అంత నిండుగా మోగదు. తూకానికి తగిలించడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఇరవై ఆరు కిలోలు.

"ఇది సరుకంటే!" అన్నాను.

"అది పాలోళ్ళ బండప్పా!" ఖాదర్ సాబ్ బతిమాలాడు. "పాపకు మొదటి బండి తేలిగ్గా ఉండాల. కాళ్ళు కింద ఆనాల. పడితే తనంతట తానే లేపుకోవాల. ఇది పడితే ఎద్దులు కట్టి లేపాల్సిందే."

"పడకుండా ఉండేదానికే బరువు. తేలికది గాలికే పడిపోతుంది."

"నా కాలు పెడలుకు అందదు నాయనా," అంది వసంత, కాలు చాచి చూపిస్తూ.

దానికీ నా దగ్గర సమాధానం ఉంది. నేను ప్రతి ఏడూ పిల్ల పుట్టినరోజున దాని ఎత్తు కొలిచి డైరీలో రాసుకొనేవాణ్ణి. జేబులోంచి కాగితం తీసి లెక్క చూపించాను. "ఏడాదికి రెండంగుళాలు పెరుగుతాండావు. ఈ లెక్కన మూడేళ్ళకు బ్రహ్మాండంగా అందుతుంది."

"శాల తెరిచేది వచ్చే నెల నాయనా!"

ఆ పిల్ల మాటలో ఎంత న్యాయం ఉందో ఈనాడు తెలుస్తోంది. ఆనాడు మాత్రం నేను నల్ల సైకిల్‌ను ఇంటికి తోసుకొస్తూ, దారిలో కనబడిన వాళ్ళందరికీ దాని బరువు చెప్పుకొంటూ వచ్చాను.

నల్లగా, బరువుగా గేదెలా ఉందని వీధిలో దానికి మర్నాటికల్లా 'ఎనుము' అని పేరు పడింది. వసంత బారు కింద నుంచి కాలు దూర్చి, ఒంటిని విల్లులా వంచి, సగం సగం పెడలు తొక్కుతూ నేర్చుకొనేది. పది గజాలు పోయేది, ఎనుము పక్కకు ఒరిగేది. ఎనుము ఒరిగిందంటే ఇక దాన్ని ఆపే శక్తి ఈ తాలూకాలో లేదు. పిల్ల కింద, సైకిల్ పైన. లలితమ్మా నేనూ చెరో పక్క పట్టి ఎత్తేవాళ్ళం.

"బిడ్డకు సైకిల్ తెచ్చినారా, సైకిల్ కిందికి పరుపుగా బిడ్డను ఇచ్చినారా?" అంది లలితమ్మ రెండో రోజు, వసంత మోకాలికి పసుపు అద్దుతూ.

"బండిలో తప్పు లేదు. పట్టు తెలియాల."

"అయితే నువ్వు ఒకసారి తొక్కి చూపించు నాయనా," అంది వసంత.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది, కట్టుకొన్న భార్యకు కూడా చెప్పనిది. నాకు సైకిల్ తొక్కడం రాదు. చిన్నప్పటి నుంచి ఇంటికీ అంగడికీ మధ్య రెండు వందల అడుగులు, నేను తొక్కి ఎక్కడికి పోవాలి? కానీ మూడు సైకిళ్ళను మీటి, తూచి, తీర్పు చెప్పిన మనిషి ఆ మాట ఎలా అంటాడు? మంగళవారం పంచె కొత్తదన్నాను. బుధవారం బాగేపల్లి బేరగాళ్ళు వస్తారన్నాను. గురువారం నడుం పట్టిందన్నాను. శుక్రవారం వేరే సాకు దొరక్క మళ్ళీ నడుమే అన్నాను. శనివారం అదృష్టం కొద్దీ అమావాస్య వచ్చింది.

ఆదివారం వచ్చేసింది.

అరుగు మీద మా అమ్మ పీట వేసుకొని కూర్చుంది. వీధి రెండు పక్కలా జనం. మా ఇల్లు ఎగువన, అంగడి దిగువన, మధ్యలో వీధి వాలు. వసంత జడలు రెండూ మడిచి కట్టుకొని, ఎనుము బారు కింద కాలు దూర్చింది. ఖాదర్ సాబ్ కూడా వచ్చి నిలబడ్డాడు, పాపం, ఉండబట్టలేక.

పదిహేను గజాలు పోయింది. ఇరవై. జనం ఊపిరి బిగబట్టారు. ఎనుము మెల్లగా ఎడమకు ఒరగడం మొదలుపెట్టింది. వసంత పళ్ళు కొరికి కుడికి లాగింది. లాభం లేదు. నరికిన చెట్టులా దబ్బున పడింది. పిల్ల కాలు నేల మీద.

"అయిపాయ," అంది మా అమ్మ. "లలితమ్మా, మిషను మీద దుమ్ము తుడువు."

వసంత ఏడవలేదు. ఏడవకూడదని మాట ఇచ్చింది కదా. పెదవి కొరుక్కుంటూ నా వైపు చూసింది. వారం రోజులుగా దెబ్బలు తిన్న పిల్ల. ఆ చూపు ఎంత బరువుందో తూచే తూకం మా అంగట్లో లేదు.

దాంతో నా బుద్ధి పూర్తిగా పోయింది. "బండిలో ఏమీ తప్పు లేదు! చూడండి, నేను తొక్కుతా!" అన్నాను.

"నడుం నొప్పి?" అంది లలితమ్మ.

"పాయ."

ఖాదర్ సాబ్ వెనక పట్టుకొన్నాడు. పంచె ఎగగట్టి ఎక్కాను. "వదిలిపెట్టేదా అప్పా?" అన్నాడు. వద్దనాలని నోరు తెరిచేసరికి సగం గాలే వచ్చింది, అతను దాన్ని ఔనని అనుకొన్నాడు.

బరువైన వస్తువు వాలులో ఎలా పోతుందో ఏ పాత్రల వ్యాపారికీ తెలియదు. మా బిందెలు అరల్లో కదలకుండా కూర్చుంటాయి. ఎనుము మాత్రం వారం రోజుల కసి తీర్చుకొన్నట్టు దౌడు తీసింది. నా వెనక కుటుంబమంతా పరుగు.

"నాయనా, బ్రేకు పట్టు!"

"యాడుండాది అది?"

"చేతి కిందనే! చేతి కిందనే!"

చేతి కింద దొరికింది నొక్కాను. అది గంట. నొక్కుతూనే ఉన్నాను. ఎదురుగా వచ్చేవాళ్ళు, పెద్దమనిషి దారి అడుగుతున్నాడనుకొని మర్యాదగా పక్కకు తప్పుకొన్నారు. ఆపేవాళ్ళు ఒక్కరూ లేరు.

"తమ్ముడూ! రంగా! తలుపు మూయి!" అని అరిచాను. అంగట్లో రంగయ్య ఒకామెకు బిందె బేరం చేస్తున్నాడు. తలెత్తి చూసి, "అన్నా, నీకు సైకిల్ వచ్చునా? ఎప్పుడు నేర్చుకొంటివి?" అని ముచ్చటగా అడిగాడు. అంతలో నేను వచ్చేశాను.

అంగడి ముందర ఆరు వరసలు పేర్చిన ఇత్తడి బిందెలు. తరువాత జరిగింది రాయడానికి డైరీలో చోటు చాలదు. నలభై బిందెలు ఒక్కసారిగా లేచి, ఖంగు ఖంగుమంటూ వీధిన పడి దొర్లాయి. నేను మధ్యలో, తల మీద ధాన్యం కొలిచే కొలగ ఒకటి బోర్లా. అయినా వృత్తి వృత్తే కదండీ! ఆ గోలలో కూడా ఒక దాని మోత తేడాగా వినబడి, "రంగా, అదో ఆ పెద్దది, దాని అతుకు ఊడింది," అన్నాను కొలగ లోపలి నుంచి.

బేరం చేస్తున్న ఆమె నా మీదికి వంగి, "ఏమప్పా, మోత వినిపించేదానికి ఇంత కష్టపడాల్నా? గోటితో మీటుంటే చాలదా?" అంది.

అందరికంటే చివరగా మా అమ్మ, మోకాళ్ళు పట్టుకొని, ఆయాసపడుతూ వచ్చింది. నన్ను చూసింది. ముందు చక్రం తామరాకులా వంగిన ఎనుమును చూసింది.

"ఒరే, నీకు తొక్కేదే రాదా?"

"రాదమ్మా," అన్నాను. ఇంకేం దాచేది!

"తొక్కేది రానివాడు ఎంచినాడు. ఎంచిన వాడు ఇక్కడ పడినాడు. ఇందులో బిడ్డ తప్పు యాడుండాదిరా?" అని జనం వైపు తిరిగింది. "ఈ పొద్దుటిది లెక్కలోకి రాదు. రేపు పొద్దున మళ్ళీ. ఖాదరూ, బిడ్డ ఏది అడిగిందో అది తెచ్చియ్యి."

మా అమ్మ తీర్పు మార్చడం నేను జన్మలో చూసింది ఆ ఒక్కసారే. తల మీద కొలగ ఉన్నందువల్ల సరిగ్గా చూడలేకపోయాను కూడా.

మర్నాడు, సోమవారం పొద్దున ఆరున్నరకు నీలం సైకిల్ వచ్చింది. వసంత ఎక్కింది. వారం రోజులు ఎనుముతో కుస్తీ పట్టిన పిల్లకు అది దూదిపింజ. వీధి వాలులో జారి, అంగడి దాటి, ఆగకుండా మలుపు తిరిగి కనబడకుండా పోయింది. అరగంటకు తిరిగి వచ్చింది, మొహం నిండా చెమట, నవ్వు.

"యాడికి పోతివి మేయ్?" అంది మా అమ్మ.

"హైస్కూలు గేటు దాకా అవ్వా. బీగం వేసుండాది. చూసి వస్తి."

మా అమ్మ పీట మీద నుంచి లేచి, కొంగు నడుముకు చుట్టి, సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. క్యారియర్‌ను అరచేత్తో తుడిచింది.

"సంతపేటలో కొత్తిమీర తేవాల. నన్ను దీని మీద కూర్చోబెట్టుకొని పోతావా?"

ఇద్దరూ పోయారు. అరవై ఏళ్ళ మా అమ్మ పక్కకు కూర్చొని, మనవరాలి నడుం పట్టుకొని, వీధిలో కనబడిన ప్రతివాళ్ళనూ పేరు పెట్టి పలకరిస్తూ పోయింది. నడుం నిజంగానే పట్టేసి నేను అరుగు మీద పడుకొని చూశాను.

ఆ పూటే డైరీలో రాసి, ఇంటిల్లిపాది చేత సంతకాలు పెట్టించిన ప్రమాణం ఇది: "సూర్యచంద్రుల సాక్షిగా, నాకు తొక్కడం రాని దాన్ని ఇకమీదట ఎవరి కోసమూ ఎంచను. బ్రేకు ఎక్కడుందో ముందుగా అడగకుండా దేని మీదా ఎక్కను. ఎద్దుల బండి అయినా సరే."