ఆపే స్విచ్చి అవతలి గదిలో

గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళూ నా ఉద్యోగం మాట్లాడటమే. పొద్దున్నే పని మొదలుకాకముందు కూలీలందర్నీ ఒకచోట నిలబెట్టి, ఇవాళ ఎత్తు మీద పని ఉంది, నడుముకు తాడు తగిలించుకోండి, కింద ఎవరూ నిలబడకండి అని చెప్పాలి. హిందీలో, వచ్చీరాని ఇంగ్లీషులో, మనవాళ్ళుంటే తెలుగులో. నేను వెళ్ళింది పరంజా కట్టే హెల్పరుగా. ఒక మేనేజరు నా గొంతు పెద్దదని గమనించి సేఫ్టీ పనిలో వేశాడు. అక్కడే పరీక్షలు రాసి సర్టిఫికెట్లు సంపాదించుకున్నాను. కంపెనీకి పనులు తగ్గిపోయాక మా ఊరు ముక్తేశ్వరం తిరిగొచ్చేశాను.

ఆ సర్టిఫికెట్లతో కోనసీమలో ఏం చేస్తావని అడగనివాళ్ళు లేరు. అలాంటప్పుడు మా ఆవిడ పెదనాన్న కొడుకు ఫోన్ చేశారు. ఆయనకు అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు మిల్లు ఉంది. కాయ ఒలిచిన కొబ్బరి డొక్కల్ని మిషన్లో వేసి పీచు తీసి, ఎండబెట్టి, బేళ్ళు కట్టి విదేశాలకు పంపుతారు.

"బావగారూ, మీరు అక్కడ చేసిన పనే ఇక్కడ చెయ్యాలండి. కొనేవాళ్ళు మనుషుల్ని పంపిస్తారంట. పనివాళ్ళకి సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తున్నారా లేదా అని చూస్తారంట. ఇంట్లో మనిషి ఉండగా బయటోళ్ళెందుకండీ" అన్నారు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మర్నాడే వెళ్ళాను.

మిల్లంటే నాలుగు వైపులా తెరిచి ఉన్న పెద్ద రేకుల షెడ్డు. మధ్యలో మిషన్. నానబెట్టిన డొక్కల్ని ఆడవాళ్ళు ఒకవైపు నుంచి అందిస్తుంటే, లోపల ఇనప పళ్ళున్న డ్రమ్ము తిరుగుతూ వాటిని చీల్చేస్తుంది. పీచు ఒకవైపూ, పొట్టు ఇంకోవైపూ పడతాయి. అంతా బాగానే ఉంది కానీ పొడుగు పీచు మాటిమాటికీ మిషన్ మూతి దగ్గర చుట్టుకుపోతోంది. చుట్టుకున్నప్పుడల్లా ఆడవాళ్ళు వంగి, తిరుగుతున్న మిషన్లోంచే చేత్తో దాన్ని లాగేస్తున్నారు. వాళ్ళ మోచేతికి జానెడు దూరంలో మోటారు బెల్టు తిరుగుతోంది. దానికి ఏ కప్పూ లేదు.

"ఆపే స్విచ్చి ఎక్కడుంది?" అని అడిగాను.

మిషన్ నడిపే ఆయన అవతలికి చూపించాడు. పొట్టు గుట్ట చుట్టూ తిరిగి, బేళ్ళ వరసలు దాటి వెళ్తే కరెంటు గది. స్విచ్చి ఆ గదిలో ఉంది.

ఆ సాయంత్రమే మా బావగారికి రెండే రెండు విషయాలు చెప్పాను. బెల్టు మీద ఇనప జాలీ వెయ్యాలి. డొక్కలందించేవాళ్ళ చేతికందేలా ఒక స్విచ్చి పెట్టాలి. ఈ రెండూ చేశాక ట్రైనింగ్ పెడదామన్నాను.

"ఆయ్, అలాగే చేద్దామండి. ముందు ట్రైనింగ్ కానివ్వండి. ఇప్పుడు మిషన్ ఆపితే లోడు ఆగిపోద్ది బావగారూ. సీజన్ అయ్యేక మీరు చెప్పినట్టే చేయించేస్తాను" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే ఇంక నేను వాదించలేకపోయాను.

ట్రైనింగ్ రోజున షెడ్డుకు ఫ్లెక్సీ కట్టారు. అమలాపురం నుంచి పసుపు హెల్మెట్లు తెప్పించారు. పీచు మిల్లులో నెత్తిన పడేది ఏమీ లేదు. కావలసింది పొట్టు దుమ్ము పీల్చకుండా ముక్కుకు మాస్కులూ, ఆ బెల్టుకు జాలీ. అయినా అందరి తలల మీదా హెల్మెట్లు పెట్టించి ఫొటోలు తీశారు. జుట్టుముడి మీద కూర్చోక అవి జారిపోతుంటే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. ఫొటోలు అయిపోగానే హెల్మెట్లు మళ్ళీ గోనెసంచిలోకి వెళ్ళిపోయాయి. భోజనాల వేళలోంచే ఆ ట్రైనింగ్‌కు టైము తీశారు కనక, క్యారేజీలు పక్కనే పెట్టుకుని వాళ్ళు నా మాటలు విన్నారు. చీరకొంగు దోపుకోవాలి, జడ వదిలెయ్యకూడదు, మిషన్ ఆపకుండా లోపల చెయ్యి పెట్టకూడదు అని చెప్పాను.

చీర మీద నీలం చొక్కా తొడుక్కున్న ఒకావిడ చెయ్యెత్తింది. నలభై దాటి ఉంటాయి. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆయన వదిలేసి వెళ్ళిన చొక్కాలే పనికి తొడుక్కొస్తుందని తర్వాత తెలిసింది.

"ఆపమంటున్నారు, బానే ఉందండి. ఎలా ఆపాలండీ? పీచు చుట్టుకున్నప్పుడల్లా ఆ గదిలోకెళ్ళి ఆపి, మళ్ళీ వచ్చి పీచు లాగి, మళ్ళీ వెళ్ళి మిషన్ వెయ్యాలాండి? అలా చేస్తే సాయంత్రానికి ఒక బేలు కూడా అవ్వదు. అయ్యగారు ఊరుకుంటారాండి?"

నేను మా బావగారి వైపు చూశాను. ఆయన చిరునవ్వు నవ్వి, "సార్ చెప్పింది వినండమ్మా. జాగ్రత్తగా ఉండాలి. మన ప్రాణం మనమే కాపాడుకోవాలి" అన్నారు. అందరూ తలూపారు. మీటింగ్ అయిపోయింది. నీలం చొక్కా ఆవిడ ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

తర్వాత ప్రతి వారమూ నేను వెళ్ళడం, అదే చెప్పడం. ఒక వారం జాలీ గురించి అడిగితే వెల్డింగ్ ఆయన రాలేదన్నారు. ఇంకో వారం ఆయన వచ్చి కొలతలు తీసుకెళ్ళాడన్నారు. ఆ వెల్డింగ్ ఆయన షాపుకే వెళ్ళి అడిగాను. "నన్నెవరూ పిలవలేదండి. ఆ మిల్లుకి నేనెళ్ళి చాలాకాలమైంది" అన్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మా ఆవిడ మీద విసుక్కున్నాను. "మీ అన్నయ్య వారానికొకలా చెప్తారేంటి?" అంటే, "వాళ్ళ వ్యాపారం వాళ్ళది. మీరు చెప్పాల్సింది చెప్పేరు కదా, వదిలెయ్యండి" అంది. చెప్పాల్సింది చెప్పడం వల్ల ఎవరికి ఏం ఒరిగిందో నాకు అర్థం కాలేదు. అక్కడ అందరికీ అన్నీ తెలుసు. మిషన్‌లో చెయ్యి పెట్టకూడదని నేను చెప్పకముందు కూడా వాళ్ళకు తెలుసు.

ప్రమాదం జరిగిన రోజు నేను మిల్లులో లేను. మిషన్ నడిపే ఆయన ఫోన్ చేసి, "సార్, నీలం చొక్కా అక్కకి చెయ్యి పట్టేసిందండి. అమలాపురం తీసుకెళ్తన్నాం" అన్నాడు. మోటార్ సైకిల్ మీద ఆసుపత్రికి చేరేసరికి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయారు. బయట ఆవిడ పక్కన పనిచేసే మనిషి కూర్చుని ఉంది, ఒళ్ళంతా పీచు. ఏం జరిగిందని అడిగాను.

"ఏముందండీ. పీచు చుట్టుకుంది. లాగుతోంది. చొక్కా చెయ్యి బెల్టుకి తగులుకుందండి. నేను ఆపమని అరుస్తా గదివైపు పరిగెత్తేను. నేనెళ్ళేసరికే చొక్కా చిరిగిపోయి ఆవిడ కింద పడిపోయింది. ఆ చొక్కా పాతది గనక చిరిగిందండి. కొత్తదైతే మనిషినే లాగేసేదండి."

ముంజేతి ఎముకలు విరిగాయి. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. చిటికెన వేలూ దాని పక్క వేలూ ఇంక వంగవని డాక్టరు చెప్పాడు. అది కుడిచెయ్యి.

ఆసుపత్రి ఖర్చు మా బావగారు పెట్టుకున్నారు. పళ్ళు పట్టుకుని చూడ్డానికి కూడా వెళ్ళారు. ఆ విషయంలో ఆయన్ని అనడానికేం లేదు. నా ఒళ్ళు మండించింది ఆ తర్వాత వచ్చిన ఫోన్.

"బావగారూ, శుక్రవారం ఇంకో ట్రైనింగ్ పెడదామండి. కొనేవాళ్ళ తరఫున విశాఖపట్నం నుంచి మనిషి వస్తన్నాడు. యాక్సిడెంట్ గురించి అడుగుతాడు. మనం చెప్పేమనీ, ఆవిడే వినకుండా చెయ్యి పెట్టిందనీ మీరు అందరి ముందూ ఒక్కమాట చెప్పాలండి."

"జాలీ ఏదని అడిగితే ఏం చెప్పమంటారు?"

"అబ్బే, అంతదూరం వెళ్ళడండి" అన్నారు.

వెళ్ళకూడదనుకున్నాను. మళ్ళీ, నేను వెళ్ళకపోతే ఆ ఒక్కమాట ఇంకెవరైనా చెప్తారనిపించి వెళ్ళాను.

విశాఖ నుంచి వచ్చినవాడు కుర్రాడే. ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. హెల్మెట్లు మళ్ళీ సంచిలోంచి బయటికొచ్చాయి. మిషన్ ఆపుదామంటే, "నడుస్తుంటే వీడియో బావుంటాదండి" అన్నారు మా బావగారు. ఆ చప్పుడులోనే అరుస్తున్నట్టు మాట్లాడాలి. నేను లేచి నిలబడ్డాను. ఆడవాళ్ళు నా ముఖంలోకి చూడటం లేదు. నేనేం చెప్పబోతున్నానో వాళ్ళకు ముందే ఎవరో చెప్పినట్టున్నారు.

"ఇవాళ మీకు చెప్పేదేమీ లేదు. ఇవాళ ట్రైనింగ్ అయ్యగారికి" అన్నాను.

మా బావగారు నవ్వారు. వీడియో తీస్తున్నారు కనక నవ్వక తప్పలేదు.

"బావగారూ, మీరొచ్చి ఇక్కడ, డొక్కలందించే చోట నిలబడండి. నేను చెయ్యి పట్టేసిందని అరుస్తాను. మీరెళ్ళి మిషన్ ఆపాలి. అంతే."

ఆయన వచ్చి నిలబడ్డారు. నేను అరిచాను. ఆయన ముందు మామూలుగా నడిచారు. కుర్రాడు ఫోన్ పట్టుకుని వెంటపడేసరికి వేగం పెంచారు. తడి పొట్టులో చెప్పు దిగబడిపోయింది. వెనక్కి తిరిగి దాన్ని లాక్కుని, గుట్ట చుట్టూ తిరిగి, బేళ్ళ వెనక్కి వెళ్ళి కనపడకుండా పోయారు. మిషన్ తిరుగుతూనే ఉంది. కరెంటు గది తలుపు గడియ బిగుసుకుపోయిందో ఏమో, దబదబ బాదుతున్న శబ్దం వినిపించింది. మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. చివరికి మోటారు గొంతు తగ్గింది. డ్రమ్ము తన బరువుకు తనే తిరిగి తిరిగి ఆగింది.

నవ్వుతారేమోనని భయపడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఆసుపత్రి దగ్గర నాతో మాట్లాడిన మనిషి నెత్తి మీది హెల్మెట్ తీసి కింద పెట్టి, "ఆవేళ అంతసేపూ ఆవిడ అరుస్తానే ఉందండి" అంది.

మా బావగారు చెప్పుకంటిన పొట్టు దులుపుకుంటూ తిరిగొచ్చారు. విశాఖ కుర్రాడు వెళ్ళిపోయాక ఆఫీసు గదిలోకి పిలిచారు.

"ఇంటి మనిషని పిలిస్తే నన్ను పనోళ్ళ ముందు పరిగెత్తించేరు."

"మీరు పరిగెత్తింది ఒక్కసారి బావగారూ. వాళ్ళు రోజూ పరిగెత్తాలి. అది కుదరదనే చెయ్యి పెడుతున్నారు."

"మీరింక రానక్కర్లేదండి" అన్నారు. అప్పుడు కూడా 'అండి' వదల్లేదు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ఏడ్చింది. వాళ్ళ పెదనాన్నగారింట్లో జరిగిన శుభకార్యానికి మమ్మల్ని పిలవలేదు. ఆవిడ నాతో చాలా రోజులు ముక్తసరిగా మాట్లాడింది. ఆ కోపం న్యాయమైనదే. పుట్టింటివైపు దారి మూసుకుపోయింది ఆవిడకు, నాకు కాదు.

కొన్నాళ్ళకు మిషన్ నడిపే ఆయన అంబాజీపేట సెంటర్లో కనిపించి, డొక్కలందించే చోట ఎర్ర స్విచ్చి పెట్టించారని చెప్పాడు. జాలీ సంగతి అడిగాను. "బెల్టుకి ఒకవైపు వేసేరండి. రెండోవైపుకి కొలత కుదర్లేదంట" అన్నాడు. ట్రైనింగ్‌లకు ఇప్పుడు రాజమండ్రి నుంచి ఎవరో వస్తున్నారట. తెర కట్టి బొమ్మలు చూపిస్తారట. సంతోషించాలో తిట్టుకోవాలో తెలియక బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను. ఆ ఎర్ర స్విచ్చి పెట్టడానికి ఎంత పని? ఎలక్ట్రీషియన్ ఒక పూట వస్తే అయిపోయేది. దానికి ఒక మనిషి చెయ్యి పోవాలా? ఈ ప్రశ్న ఎవర్ని అడగాలో ఇప్పటికీ తెలియదు.

నీలం చొక్కా ఆవిడ ఒకరోజు మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా అరుగు మీదే కూర్చుంది.

"మీరు వద్దన్నా వినకుండా నేనే చెయ్యి పెట్టేనని ఊళ్ళో అంటన్నారండి. మా ఆయన కూడా కువైట్ నుంచి ఫోన్ చేసి అదే అడిగేరు. సార్ చెప్పినప్పుడు వినొచ్చు కదా అని."

నేను వారం వారం చెప్పిన జాగ్రత్తలన్నీ పోగుపడి చివరికి ఈవిడ మీద నేరంగా పడ్డాయి. మా ఆవిడ లోపలినుంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. నీలం చొక్కా ఆవిడ ఎడంచేత్తో అందుకోబోయి, తప్పనుకుందో ఏమో, వంగని వేళ్ళతోనే కుడిచెయ్యి చాపింది. మా ఆవిడ గ్లాసు వదలకుండా పట్టుకునే ఉండి తాగించింది.

ఆ సాయంత్రం మా ఆవిడే అడిగింది, ఈవిడకు నష్టపరిహారం రాదా అని. వస్తుంది, లేబర్ ఆఫీసులో కేసు వెయ్యాలి, మిల్లులో ఏం లేదో చూసినవాళ్ళు చెప్పాలి అన్నాను.

"చూసింది మీరే కదా" అంది.

"మీ అన్నయ్య మీద చెప్పాలి."

"తెలుసు" అని లోపలికి వెళ్ళిపోయింది.

కేసు వేశాం. ఇప్పటికీ మా బావగారి వకీలు వాయిదాలు అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి తనకు జ్వరమంటాడు, ఒకసారి కాగితాలు అందలేదంటాడు. ప్రతి వాయిదాకూ నేనూ నీలం చొక్కా ఆవిడా వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాం. నేను లోపల్లోపల ఉడికిపోతుంటాను. ఆవిడ మాత్రం వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది. కిందటిసారి ఉన్నట్టుండి అడిగింది.

"గల్ఫ్‌లో కూడా ఇలాగే తగూలాడేవారాండి?"

"లేదమ్మా. అక్కడ తగూలాడితే వీసా తీసేసి పంపించేస్తారు."

"మరి ఇక్కడో?"

"ఇక్కడినుంచి ఎక్కడికి పంపిస్తారు?" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఇంతలో గుమాస్తా బయటికొచ్చి మా కేసు మళ్ళీ వచ్చే నెలకు వేశారని చెప్పాడు. బస్సుకు టైమవుతోందని ఆవిడ లేచింది.