తాలింపు వేయని ఇల్లు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో టీచరును. ఒకరోజు ఉదయం ముఖం కడుక్కుంటుంటే చెంపల మీద, గడ్డం కింద నొప్పిగా పొక్కులు తగిలాయి. వయసు ముప్పైకి దగ్గరపడుతుంటే ఇప్పుడు మొటిమలేమిటి అని నాలో నేనే నవ్వుకున్నాను. అమ్మ మాత్రం నా ముఖం చూసి చేతిలో చెంబు కింద పెట్టేసింది.

నా చిన్నప్పుడు మా అక్క నాగమ్మ పులివెందులలో అమ్మవారు పోసి చచ్చిపోయింది. మా నాయన ఎవరో ఇచ్చిన మందు తాగించాడని, అందుకే అమ్మవారికి కోపమొచ్చిందని అమ్మ నమ్మకం. నా ముఖం చూసిన రోజే వాకిట్లో వేపమండలు కట్టింది. తాలింపు మానేసింది. నూనె చిటపటలాడితే అమ్మవారు మండిపడుతుందంటారు. నా ముందు పెరుగన్నం పెట్టి చేతులు జోడించింది.

"సల్లగా సూడు తల్లీ. నీకేం తక్కువ చేసినాము? దిగిపో," అంది.

ఆ మాటలు నాతో కాదు, నా ముఖంలో ఉందనుకున్న ఆమెతో. కన్నతల్లి నాకు దండం పెడుతుంటే భయమేసి కంచం పక్కకు జరిపాను.

జ్వరం లేదు కదమ్మా అంటే, "ఆయమ్మ లీలలు మనకేం తెలుస్తాయి," అనేది. వేపనీళ్లు పోసింది. మరునాటికి కొత్తవి లేచాయి. పసుపు ఆముదంలో కలిపి, చేత్తో తాకకుండా వేపరెమ్మతో ముఖమంతా రాసేది. దాంతో ఇంకా ఎక్కువయ్యాయి. బడికి పోవడం మానేశాను. అక్క ముఖం నాకు గుర్తులేదు, ఆ పొక్కులే గుర్తు. అద్దంలో చూసుకుంటే అక్కే కనపడేది. అద్దాన్ని గోడ వైపు తిప్పేశాను.

పక్కింటి ఖాదర్‌బీ ఊరుకోలేదు. "ఏందిక్కా, నెలలైనా దిగని అమ్మవారు యాడన్నా ఉంటాదా? జమ్మలమడుగు ఆసుపత్రికి తీస్కపో," అంది.

"పెద్దదాన్ని మందుకే పోగొట్టుకుంటి. దీన్నన్నా ఉండనీ," అంది అమ్మ.

నేను వినలేదు, బస్సెక్కాను. నన్ను ఒంటరిగా పంపలేక అమ్మా వచ్చింది. దారి పొడుగునా చేతిలో వేపరెమ్మ వదల్లేదు.

డాక్టరమ్మ నా ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. "ఇది యాక్నే, అంటే మొటిమలే. పెద్దవాళ్లకూ వస్తుంది. స్మాల్ పాక్స్ కాదమ్మా. అదైతే అన్నీ ఒకేసారి ముదురుతాయి. ఈమెకు పాతవీ కొత్తవీ కలిసి ఉన్నాయి. అరచేతులు చూడండి, ఒక్కటైనా ఉందా?"

అమ్మ రెమ్మ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఇన్ని నెలల్లో నన్ను తాకడం అదే మొదలు. అరచెయ్యి తిప్పి చాలాసేపు చూసింది.

"నాగమ్మకు చేతుల నిండా ఉన్న్యాయమ్మా. నీళ్ల చెంబు గూడా పట్టుకోలేకపాయ," అంది. ఆ సంగతి అమ్మ నోట అంతకుముందెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ ఆముదం మాన్పించి, సల్ఫర్ లోషన్ ఇచ్చింది. నాది ఆత్రం. తొందరగా తగ్గాలని దట్టంగా పూసుకుంటే చర్మం కాలి పొరలుగా లేచింది. అది చూసి అమ్మ మళ్లీ వాకిట్లో వేపమండలు కట్టింది, ఇంట్లో మళ్లీ చప్పిడి కూడే. రెండోసారి పోతే డాక్టరమ్మ కోప్పడింది. "పలచగా, రోజు మార్చి రోజు రాయాలి. ఎక్కువ రాస్తే కాలుతుంది గానీ తగ్గదు. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. ఓపిక పట్టాలి."

ఓపిక పట్టాను. మెల్లగా నెమ్మదించాయి, మళ్లీ బడిలో చేరాను. గడ్డం మీద గుంటలు మిగిలాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకటీ అరా లేస్తాయి. నాలాంటి వాళ్లకు ఒక్కటే చెబుతాను: గిల్లకండి, దొరికిందల్లా పూయకండి, ముందు డాక్టరుకు చూపించండి. ఇంట్లోవాళ్ల భయం ఎంత న్యాయమైనదైనా, అది వైద్యం చేయలేదు.

నిన్న నా చెంప మీద కొత్తది లేచింది. పొయ్యి మీద నూనె కాగుతోంది. అమ్మ ఆవాలు గుప్పిట్లో పట్టుకుని ఆగిపోయింది.

"ఏదీ, చేతులు సూపిచ్చు," అంది.

రెండు అరచేతులూ చాచాను. అమ్మ రెండూ చూసింది. తర్వాత ఆవాలు నూనెలో వేసింది.